ప్రమోషన్ వచ్చింది, సంతోషం మాత్రం రెండు వారాలే

(ఫోన్-ఇన్ కార్యక్రమం రికార్డింగ్ విని రాసింది ఇది. ఫోన్ చేసినవాళ్లు పేర్లు వద్దన్నారు. ఊతపదాలు కొన్ని తీసేశాం, అన్నీ తీస్తే మాట్లాడినట్టుండదని మిగతావి ఉంచాం.)

వ్యాఖ్యాత: నమస్కారమండీ. ఉద్యోగంలో ఇంకా పైకి వెళ్లాలన్న తపన ఒకపక్క, ఉన్నదానితో తృప్తిగా ఉండమనే మాట ఇంకోపక్క. రెండూ ఒకే మనిషిలో ఇముడుతాయా అన్నది ఇవాళ్టి విషయం. మనతో కౌన్సెలర్ మేడమ్ ఉన్నారు. లైన్లో అప్పుడే ఒకరు ఎదురుచూస్తున్నారు కాబట్టి నా ఉపోద్ఘాతం ఇక్కడితో ఆపేస్తాను. హలో, చెప్పండి.

మొదటి కాలర్: హలో, నమస్తే అండీ. వినిపిస్తోందా?

వ్యాఖ్యాత: వినిపిస్తోందండీ. రేడియో కాస్త తగ్గించండి, మీ గొంతు మీకే తిరిగొస్తోంది.

మొదటి కాలర్: ఆఁ, తగ్గించాను. మేడమ్, నాకు 34 ఏళ్లు. మూడేళ్లు ఎదురుచూశాక టీమ్ లీడ్‌గా ప్రమోషన్ వచ్చింది. మెయిల్ వచ్చినప్పుడు లిఫ్ట్ ముందు నిలబడి ఉన్నాను. చదివాను, నమ్మకం కుదరక మళ్లీ చదివాను, ఈలోపు లిఫ్ట్ వచ్చి, తలుపులు తెరుచుకుని, మూసుకుని వెళ్లిపోయింది కూడా. అంత సంతోషం. కానీ అది రెండు వారాలేనండీ. మూడో వారం ఏదో మీటింగ్‌లో కూర్చుని ఉంటే, నాతోపాటే చేరినావిడ నాకంటే ఒక మెట్టు పైనే ఉంది కదా అనిపించింది. ఇక అప్పట్నుంచి నాకు వచ్చింది అసలు వచ్చినట్టే లేదు. ఇంట్లో వాళ్లు నీకు తృప్తి అనేదే లేదంటున్నారు. నాలోనే ఏదైనా లోపం ఉందా?

కౌన్సెలర్: లోపమేమీ లేదమ్మా. కొత్త చెప్పులు వేసుకున్న రోజు అడుగడుక్కీ అవే గుర్తొస్తాయి, నెల తిరిగేసరికి కాళ్లకున్నాయన్న సంగతే మర్చిపోతాం. మనసు తీరే అంత. 1971లో ఫిలిప్ బ్రిక్‌మన్, డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని ట్రెడ్‌మిల్‌తో పోల్చారు, ఎంత పరిగెత్తినా ఉన్నచోటే ఉంటామని. 1978లో బ్రిక్‌మన్ ఇంకో ఇద్దరితో కలిసి, పెద్ద లాటరీలు గెలిచిన 22 మందిని అడిగి చూశారు. మామూలు వాళ్లకంటే వాళ్లేమీ చెప్పుకోదగ్గంత సంతోషంగా లేరు. పైగా స్నేహితుడితో కబుర్లు, ఒక జోకు వినడం లాంటి చిన్న సంగతుల్లో వాళ్లకు దొరికే ఆనందం తగ్గింది.

వ్యాఖ్యాత: అంటే డబ్బొస్తే సంతోషం పోతుందనా మేడమ్?

కౌన్సెలర్: అలా అంటే అబద్ధం చెప్పినట్టే. 22 మంది అంటే చాలా చిన్న అధ్యయనం. ఆ తర్వాత చాలా ఎక్కువమందితో చేసిన పరిశీలనల్లో, లాటరీ డబ్బు వచ్చినవాళ్లు తమ జీవితం పట్ల ఏళ్ల తర్వాత కూడా ఎక్కువ తృప్తిగానే ఉన్నారని తేలింది. డబ్బు అక్కర్లేదని చెప్పేవాళ్లను నేను పెద్దగా నమ్మను, వాళ్లకు సాధారణంగా డబ్బుంటుంది. నేను చెప్పేది ఒక్కటే, అలవాటు పడటం అనేది జరిగి తీరుతుంది, దానికి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. సరే, ఒకటి అడుగుతాను. ఈ ప్రమోషన్ ఎలా వచ్చింది?

మొదటి కాలర్: కష్టపడ్డానండీ.

కౌన్సెలర్: ఒక్కరేనా?

మొదటి కాలర్: (కాసేపు ఆగి) అంటే... నా మొదటి ప్రెజెంటేషన్ ముందురోజు మా సీనియర్ ఒకాయన రాత్రి తొమ్మిదిన్నర దాకా నాతో కూర్చున్నారు. స్లైడ్లన్నీ ఒక్కొక్కటిగా చూశారు. ఒకదాంట్లో మొత్తం తప్పు కూడితే ఆయనే పట్టుకున్నారు, లేకపోతే మర్నాడు అందరి ముందూ పరువు పోయేది.

కౌన్సెలర్: ప్రమోషన్ వచ్చిందని ఆయనకు చెప్పారా?

మొదటి కాలర్: లేదండీ. ఆయన వేరే చోటికి వెళ్లిపోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు ఉన్నట్టుండి మెసేజ్ పెడితే, ఏదో పని పడి పలకరించిందనుకుంటారేమో.

కౌన్సెలర్: అనుకోరు. ఇలాంటి భయం మీదే 2018లో అమిత్ కుమార్, నికోలస్ ఎప్లీ పరిశోధన చేశారు. థాంక్స్ చెబుతూ ఉత్తరం రాయమని కొందరికి చెప్పి, అందుకున్నవాళ్లు ఏమనుకుంటారో ముందే ఊహించమన్నారు. రాసినవాళ్లు ఊహించినదానికంటే అందుకున్నవాళ్లు ఎక్కువ సంతోషపడ్డారు, రాసినవాళ్లు భయపడినంత ఇబ్బందిగా వాళ్లకేమీ అనిపించలేదు. మీరు కోరికలు తగ్గించుకోవాల్సిన పని లేదమ్మా, పై మెట్టు కావాలంటే ప్రయత్నించండి. ఇవాళ మాత్రం ఆయనకు రాయండి. "మీ సహాయానికి ధన్యవాదాలు" అని శుభలేఖలాగా వద్దు, ఆ తొమ్మిదిన్నర, ఆ తప్పు కూడిన స్లైడు, అవి రాయండి.

మొదటి కాలర్: ప్రయత్నిస్తానండీ.

వ్యాఖ్యాత: ప్రయత్నిస్తాను అన్నారంటే రాయరని మా ఇంట్లో అర్థం. రాయండి, పర్లేదు. తర్వాతి కాల్... హలో? హలో? కట్ అయింది. ఇంకొకరున్నారు, చెప్పండి బాబూ.

రెండో కాలర్: మేడమ్, నాకు 26. నేను కృతజ్ఞతల డైరీ మొదలుపెట్టాను, మూడు నెలలైంది. రోజూ మూడు విషయాలు రాయాలి. ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం. మర్నాడు ఉద్యోగం, ఆరోగ్యం, కుటుంబం. (నవ్వు) ఇప్పుడది హోమ్‌వర్క్‌లా ఉంది. ఒకరోజు రాయకపోతే తప్పు చేసినట్టు, అదొక టెన్షన్.

కౌన్సెలర్: (నవ్వు) టెన్షన్ తగ్గించుకోవడానికి మొదలుపెట్టి ఇంకో టెన్షన్ కొనితెచ్చుకున్నారన్నమాట. రోజూ రాయడం ఆపేయండి. 2003లో ఎమ్మన్స్, మెకలా ప్రచురించిన ప్రయోగాల్లో ఒకదాంట్లో వారానికి ఒక్కసారే రాయించారు, పది వారాలపాటు. ఆ తర్వాత ల్యూబోమిర్‌స్కీ బృందం వారానికి ఒకసారి రాసినవాళ్లనూ మూడుసార్లు రాసినవాళ్లనూ పోల్చి చూస్తే, మేలు కనిపించింది ఒకసారి వాళ్లలోనే. ఎక్కువసార్లు రాస్తే చేతికి అలవాటవుతుంది, మనసు అక్కడుండదు. ఆరోగ్యం, కుటుంబం అని కూడా రాయొద్దు. ఈ వారంలో జరిగిన ఒక్క సంగతి చాలు. ఏదైనా ఉందా?

రెండో కాలర్: ఈ వారం... ఆఁ, మంగళవారం నేను కోడ్‌లో తప్పు చేశాను. పక్క సీటతను అందరూ ఉన్న గ్రూపులో పెట్టకుండా నా కుర్చీ దగ్గరికొచ్చి మెల్లగా చెప్పి వెళ్లాడు.

కౌన్సెలర్: అదే. అది రాయండి.

రెండో కాలర్: ఇంకొక్కటి మేడమ్. తృప్తి వచ్చేస్తే పని చెయ్యాలన్న కసి పోతుందేమోనని భయం. మా నాన్నగారు ఎప్పుడూ, పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలంటారు. నాకు పాలే కావాలి.

కౌన్సెలర్: పాలే తాగండి, పరిగెత్తుతూ ఒలకబోసుకోకుండా తాగమనే నేనంటున్నది. చూడండి, 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో పతకాలు గెలిచినవాళ్ల ముఖాలను వీడియోలో చూసి కొందరు పరిశోధకులు ఒక సంగతి గమనించారు, 1995లో అది అచ్చయింది. రజతం వచ్చినవాళ్ల కంటే కాంస్యం వచ్చినవాళ్లే ఎక్కువ సంతోషంగా కనిపించారట. రెండోవాడు స్వర్ణం తప్పిందే అనుకుంటాడు, మూడోవాడు అసలు పతకమే తప్పిపోయేదే అనుకుంటాడు. అలాగని ఆ మూడోవాడు మర్నాటి నుంచి సాధన మానేస్తాడా? కసి ఎక్కడికీ పోదు బాబూ. మీరు అనుకునే కసిలో సగం నిద్ర పట్టకపోవడమే.

రెండో కాలర్: అది... నిజమే మేడమ్.

వ్యాఖ్యాత: నాక్కూడా తగిలింది అది. తర్వాత ఎవరు? చెప్పండి సార్.

మూడో కాలర్: నమస్కారమమ్మా. నేను లేత్ మెషిన్ మీద పని చేస్తాను, వయసు 47. నేను పని లేక తిరుగుతున్న రోజుల్లో మా ఓనర్ గారు పిలిచి పని ఇచ్చారు, అది నేను మర్చిపోలేదు. ఇప్పుడు ఎనిమిది నెలల నుంచి రోజూ రెండు గంటలు ఎక్కువ చేయిస్తున్నారు, దానికి డబ్బుల్లేవు. మొన్న అడిగితే, "ఆ రోజు నేను పిలవకపోతే ఎక్కడుండేవాడివి, కృతజ్ఞత ఉండాలయ్యా మనిషికి" అన్నారు. ఇంక నోరు పెగల్లేదు. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అలాగే కూర్చుండిపోతున్నానమ్మా. మీరిందాకట్నుంచి కృతజ్ఞత అంటుంటే, నాకు లేదేమో అనిపించి ఫోన్ చేశాను.

కౌన్సెలర్: అయ్యో, మీకు లేకపోవడమేంటండీ. మొదటి మాటే ఆయన చేసిన మేలు గురించి చెప్పారు. అయితే ఇందాకట్నుంచి నేను మాట్లాడుతున్న కృతజ్ఞత వేరు, ఆయన అడుగుతున్నది వేరు. ఆయన అడుగుతున్నది వడ్డీ. అప్పుకైతే ఎప్పుడో ఒకప్పుడు లెక్క తీరుతుంది, దీనికి తీరే లెక్కే లేదు. పని ఇచ్చినందుకు మీరు రుణపడి ఉన్నారనుకుంటే, ఇన్నేళ్లు మీరు పని చేసి పెట్టారు కదా, దానికి ఆయన మీకేమీ రుణపడలేదా?

మూడో కాలర్: ఆ మాట నేనెప్పుడూ అనుకోలేదమ్మా.

కౌన్సెలర్: ఇవాళ రాత్రి ఒక కాగితం తీసుకోండి. ఏ రోజు ఎన్ని గంటలు ఎక్కువ చేశారో గుర్తున్నంతవరకు తేదీలతో రాయండి, రేపట్నుంచి ఏ రోజుది ఆ రోజే రాయండి. ఆయనతో మాట్లాడేటప్పుడు రెండు విషయాలూ కలపొద్దు. "మీరు పని ఇచ్చారు, అది నాకు ఎప్పటికీ గుర్తుంటుంది" అనండి, అది నిజం కాబట్టి. అక్కడ ఆగండి. ఆ తర్వాత కాగితం తీసి, "ఇవి గంటలు" అనండి. మధ్యలో "కానీ" పెట్టకండి. పెడితే రెండో మాట మొదటిదాన్ని కొట్టేసినట్టు వినిపిస్తుంది. అప్పటికీ కాదంటే, అదే కాగితంతో మీకు దగ్గర్లో ఉన్న కార్మిక శాఖనో యూనియన్‌నో కలవండి.

మూడో కాలర్: సరేనమ్మా.

కౌన్సెలర్: ఇంకోటి. చెప్పులు విప్పకుండా కూర్చుండిపోవడం అన్నారే, దాన్ని బద్ధకం అనుకోకండి. తగ్గకుండా సాగే పని ఒత్తిడి వల్ల వచ్చే బర్నౌట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణ జాబితాలో వివరంగా రాసింది. అది జబ్బు కాదు, పనిచేసే చోట పుట్టే పరిస్థితి అంది. ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద విరక్తి, చేతనైన పని కూడా సరిగ్గా చెయ్యలేకపోతున్నానన్న భావన, ఇవీ దాని గుర్తులు. మీరు లేత్ మీద ఉంటారు, అలసటతో చెయ్యాల్సిన పని కాదు అది. నిద్ర సరిగ్గా పట్టకపోతే డాక్టర్‌కు చూపించుకోండి, ఆలస్యం చెయ్యొద్దు.

వ్యాఖ్యాత: సార్, కాగితం ఉందా దగ్గర?

మూడో కాలర్: మా అమ్మాయి నోట్‌బుక్ ఉంది. వెనక పేజీలు ఖాళీయే.

వ్యాఖ్యాత: చాలు. ఉంటానండీ. మనకింక రెండు నిమిషాలే ఉంది, మేడమ్ ఏదో చెప్పబోతున్నారు... ఒక్క క్షణం, మొదట ఫోన్ చేసినావిడ మళ్లీ లైన్లో ఉన్నారంటున్నారు. హలో అండీ?

మొదటి కాలర్: మీరు అలా అన్నారని ఫోన్ పెట్టేసిన వెంటనే రాశానండీ. నాలుగు లైన్లు అనుకున్నాను, స్క్రీన్ నిండిపోయింది. పంపేశాను.

కౌన్సెలర్: ఏమన్నారు?

మొదటి కాలర్: రెండు టిక్కులు పడ్డాయి. ఇంకా నీలం కాలేదు.

వ్యాఖ్యాత: మాకు చెప్పాలి మరి, ఏమన్నారో.

మొదటి కాలర్: ఆగండి ఆగండి, టైపింగ్ అని వస్తోంది...