ఇది మా అమ్మ ఫ్యాన్ బోర్డు

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మీకు నమస్కారం. డిసెంబరు 14, ఇంధన పొదుపు దినం కదా, పొదుపు మీద ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. నేను ఈ సంచీలో ఉన్నదాని మీద మాట్లాడతాను.

2023 జనవరి నుంచి స్టార్ లేబుల్, అంటే కరెంటు ఎంత పొదుపో చెప్పే నక్షత్రాల కాగితం, లేని సీలింగ్ ఫ్యాన్ అమ్మకూడదని ఢిల్లీలో నిర్ణయించారు. సరే, కొనేదేదో మంచిదే కొందామని మా అమ్మకి ఐదు నక్షత్రాలది, ఆ బీఎల్‌డీసీ ఫ్యాన్, అంటే లోపల ఎలక్ట్రానిక్ బోర్డు మీద తక్కువ కరెంటుతో తిరిగేది, కొన్నాను. మామూలుదాని కంటే పదిహేను వందలు ఎక్కువ. పాతది 75 వాట్లు, ఇది 30. రోజుకి పది గంటలు తిరిగితే నెలకి పదమూడున్నర యూనిట్లు మిగులుతాయి. అమ్మది యూనిట్ మూడు రూపాయల శ్లాబు. అంటే నెలకి నలభై రూపాయలు. పెట్టింది తిరిగి రావడానికే మూడేళ్లు దాటాలి.

రెండేళ్ల వారంటీ అయిపోయిన నెలలోనే ఆగిపోయింది!

మా వీధి మెకానిక్ విప్పి చూశాడు. "కాయిలైతే సాయంత్రానికి చుట్టి ఇచ్చేసేవాణ్ణి మాస్టారూ. ఇది బోర్డు, నా వల్ల కాదు" అన్నాడు. కంపెనీకి ఫోన్ చేస్తే, ఆ మోడల్ ఆపేశాం, బోర్డు లేదు, కొత్తది కొంటే డిస్కౌంట్ ఇస్తాం అన్నారు. మా నాన్న కొన్న ఫ్యాన్ ముప్పై ఏళ్లు తిరిగింది. రెండుసార్లు కాయిల్, ఒకసారి బేరింగులు, కెపాసిటర్లకైతే లెక్కలేదు. అన్నీ మా వీధిలోనే అయ్యాయి.

నేను పొదుపుకి వ్యతిరేకిని కాను, రాసుకోండి. 2014లో మన గుంటూరు జిల్లాలో పాత బల్బు ఇచ్చి, పది రూపాయలకి ఎల్‌ఈడీ తెచ్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పుడు ముందు మన చేతి డబ్బు పెద్దగా పోలేదు. ఇప్పుడు పోతోంది.

ఖమ్మంలో మా చెల్లెలి సంగతి ఇంకా విచిత్రం. అక్కడ తెలంగాణ సర్కారు పథకంలో ఉన్నవాళ్లకి 200 యూనిట్ల లోపు జీరో బిల్లు. ఫ్యాన్‌కి ఎక్కువ పెట్టింది చెల్లెలు, మిగిలిన యూనిట్ల లాభం సర్కారుది. ఆ నక్షత్రాల కాగితం మీద కరెంటు పొదుపు సంగతి వేస్తారు, బోర్డు ఎన్నేళ్లు దొరుకుతుందో కూడా వేయొచ్చు కదా?

గంట కొట్టారు, అయిపోయింది. ఇదిగో బోర్డు. ఇక్కడ ఎలక్ట్రానిక్స్ చదివిన పిల్లలెవరైనా ఉంటే, సభ అయ్యాక ఒకసారి ఇటు రండి నాయనా.