ఖర్చంటే గుబులు

శ్రోతలందరికీ నమస్కారం.

పిల్లలు కొనిచ్చిన ఏసీ మే నెలలో కూడా చుట్టాలొస్తేనే నడిచే ఇళ్లు మనకు కొత్త కాదు. ఆ ఇంటి పెద్దవాళ్లు బస్సు దిగి, సంచులు మోసుకుంటూ మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచి వస్తారు గానీ ఆటో ఎక్కరు. పింఛను వస్తుంది, బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, అమెరికా నుంచో హైదరాబాదు నుంచో కొడుకో కూతురో డబ్బు పంపుతూనే ఉంటారు. అయినా తమ కోసం వంద రూపాయలు తీయాలంటే చెయ్యి రాదు. మనం వాళ్లను పిసినారులనేసి ఊరుకుంటాం.

ఆ మాట చాలా అన్యాయం. అదే మనిషి మనవడి ఫీజుకూ, కూతురి పురిటికీ వెనకాముందూ చూడకుండా ఇస్తారు. చిన్నప్పుడు అప్పులవాళ్లు గుమ్మంలో నిలబడటం చూసినవాళ్లు, పంట పోయిన ఏడాది ఇల్లు ఎలా గడిచిందో తెలిసినవాళ్లు వాళ్లు. చేతిలో డబ్బు చేరినా ఆనాటి భయం పోలేదు.

2008లో స్కాట్ రిక్, సింథియా క్రైడర్, జార్జ్ లోవెన్‌స్టీన్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలో ఈ విషయం మీదే ఒక అధ్యయనం ప్రచురించారు. పొదుపుగా ఉండేవాళ్లు దాచుకోవడంలో సంతోషం పొందుతారు. ఇంకొందరికి మాత్రం డబ్బు చేతినుంచి పోతుంటే బాధ కలుగుతుంది, ఆ బాధ తప్పించుకోవడానికే ఖర్చు మానేస్తారు. బయటికి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. కానీ రెండోవాళ్లు, కొనుక్కుని ఉంటే బాగుండేదని తమకే అనిపించే వస్తువును కూడా వదులుకుంటారు.

ఆ అధ్యయనంలో నాకు బాగా పనికొచ్చిన సంగతి ఒకటుంది. వంద డాలర్ల మసాజ్‌ని సుఖం కోసమని చెప్తే ఈ రెండోవాళ్లు వెనకడుగు వేశారు. నడుం నొప్పి తగ్గుతుందని చెప్తే ఆ జంకు చాలావరకు తగ్గింది. ధర అదే, మసాజ్ అదే. మన ఇళ్లలోనూ ఇంతే. తిరుపతి ప్రయాణానికి "హాయిగా ఏసీలో వెళ్దాం నాన్నా" అంటే ఒప్పుకోని పెద్దాయన, "మీ మోకాళ్లకు రాత్రంతా పడుకుని వెళ్లడం మంచిది" అంటే సరేనంటారు. కంటి శుక్లాల ఆపరేషన్, వినికిడి మిషన్ లాంటివి ఏళ్ల తరబడి వాయిదా వేసే తల్లిదండ్రులతో కూడా అలాగే మాట్లాడి చూడండి. దెప్పితే మాత్రం ఇంకా ముడుచుకుపోతారు.

ఇక రెండో వైపు. ఆఫీసులో మాట పడ్డ రోజున, ఇంట్లో ఒంటరిగా అనిపించిన రాత్రి ఫోన్ తీసి ఏదో ఒకటి ఆర్డర్ పెట్టేవాళ్లు ఇవాళ ఎందరో ఉన్నారు. 2016లో యూపీఐ వచ్చాక నోట్లు లెక్కపెట్టి ఇచ్చే పని పోయింది. వంద నోటు చేయి మారుతున్నప్పుడు మనసు ఒక్క క్షణం ఆగేది. పిన్ నొక్కేటప్పుడు ఆ ఆగడం లేదు. టెన్షన్ తగ్గించుకోవడానికి కొన్నది పెట్టె విప్పేలోపే పాతబడుతుంది, బిల్లు వచ్చినప్పుడు కొత్త టెన్షన్ మొదలవుతుంది. కొనాలనిపించిన వస్తువును కార్ట్‌లోనే ఉంచి తెల్లవారాక చూడటం చిన్న పనే, కానీ రాత్రి వచ్చిన కోరిక చాలాసార్లు పొద్దున్నకి ఉండదు. అప్పుల వల్ల నిద్రే పట్టని పరిస్థితి వస్తే 14416కి ఫోన్ చేయండి. అది మనసు బాగాలేనివాళ్లకు సాయం చేయడానికి కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత టెలి మానస్ ఫోన్ సేవ, తెలుగులోనే మాట్లాడతారు.

నిజంగా చేతిలో డబ్బు లేనివాళ్ల సంగతి వేరు. నెల గడవని ఇంట్లో ఖర్చంటే భయపడటం సరైన లెక్కే, దాన్ని మనసులోని లోపమని ఎవరూ అనకూడదు.

మిగతావాళ్లకు మన పెద్దవాళ్ల పద్ధతే మంచిదని నాకు గట్టి నమ్మకం. జీతం రాగానే పాలకు, కిరాణాకు, చీటీకి వేర్వేరు కవర్లలో డబ్బు పెట్టేవారు. మనసు డబ్బును ఇలా గదులు గదులుగా చూస్తుందని వివరించిన ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్‌కి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ కవర్లలో మనవాళ్లు పెట్టనిది ఒక్కటే, ఎవరి సొంతానికి వాళ్లకో కవరు. ముఖ్యంగా ఇల్లాలికి అది ఉండేది కాదు. పోపుల డబ్బాలో దాచుకున్నది కూడా చివరికి ఇంటి అవసరానికే పోయేది.

ఇవాళ అది సులువు. విడిగా ఒక బ్యాంకు ఖాతా పెట్టుకుని, నెలకు ఇంత అని అందులో వేసి, ఫోన్‌లో యూపీఐని దానికే కలపండి. చెయ్యి రానివాళ్లకు అది ఖర్చుపెట్టడానికే విడిగా తీసిన డబ్బు, కాబట్టి గుబులుండదు. చెయ్యి ఆగనివాళ్లకు అది అయిపోతే ఆ నెలకు అంతే. భార్యాభర్తల్లో ఒకరు ఇలా, ఒకరు అలా ఉన్న ఇళ్లు బోలెడు. అలాంటి చోట ఇద్దరికీ చెరో ఖాతా ఉండాలి. మొత్తం ఎంతన్నది ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. ఆ తర్వాత ఆమె పూలు కొన్నా, ఆయన సినిమాకెళ్లినా "ఎంతయింది?" అని రెండోవాళ్లు అడగకూడదు.

సెలవు, నమస్కారం.