ఎస్‌ఎంపీఎస్ కొనేటప్పుడు ఏ అంకె చూడాలి? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: కంప్యూటర్ భాగాలకు కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్ గురించి మాట్లాడుకుంటున్నాం. కాకినాడ నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి లైనులో ఉన్నారు. చెప్పండి.

శ్రోత: నమస్కారం మేడమ్, నమస్కారం సర్. గేమింగ్ కోసం సొంతంగా కంప్యూటర్ కూర్చుకుంటున్నాను. రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. ఉన్న డబ్బంతా వాటికే అయిపోయింది. కేబినెట్‌తో పాటు 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉచితంగా వచ్చింది. అదే బిగించుకోవచ్చా?

నిపుణుడు: ఆ ఎస్‌ఎంపీఎస్ మీ దగ్గరే ఉందా బాబూ? దాని పక్కన అంటించిన స్టిక్కర్ చూడండి. ప్లస్ 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లని రాశారు?

శ్రోత: ఒక్క నిమిషం సర్... 20 ఆంపియర్లు.

నిపుణుడు: 12ను 20తో గుణిస్తే 240 వాట్లు. మీ ప్రాసెసర్‌కూ కార్డుకూ కరెంటు అందేది ముఖ్యంగా ఈ 12 వోల్టుల లైను నుంచే. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఎంత రాసుకున్నా మీకు అక్కరకొచ్చేది ఆ 240 మాత్రమే. ఇక ఖర్చు చూడండి. కార్డుకు 200 వాట్లు కావాలి. ప్రాసెసర్ మీద 65 అని ఉన్నా, పూర్తి జోరులో 88 దాకా తీసుకుంటుంది. మదర్‌బోర్డు, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ కలిపి మరో 50 వేసుకోండి. 340 దగ్గర తేలుతుంది. దయచేసి దాన్ని బిగించకండి.

శ్రోత: కంప్యూటర్ ఆన్ అయితే అవుతుంది కదా సర్?

నిపుణుడు: అవుతుంది. సినిమా చూసినంతసేపూ బాగానే ఉంటుంది. ఆట మొదలై కార్డు మీద భారం పడగానే ఆరిపోతుంది. అలా ఆరిపోయిందంటే లోపలి రక్షణ సర్క్యూట్ పనిచేసినట్టే, అది మీ అదృష్టం. నాసిరకం వాటిలో ఆ సర్క్యూట్ సరిగా ఉండదు. అవి పోతూ పోతూ మదర్‌బోర్డునో, కార్డునో వెంటబెట్టుకుపోతాయి.

శ్రోత: అయితే 1000 వాట్లది తీసుకోమంటారా?

నిపుణుడు: అక్కర్లేదు. ఈ కార్డు చిప్ తయారుచేసే ఎన్విడియా కంపెనీ సూచించినదే 650 వాట్లు. మంచి 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ మీద 12 వోల్టుల గడిలో 54 ఆంపియర్ల దాకా ఉంటుంది, అంటే దాదాపు మొత్తం శక్తి అక్కడే దొరుకుతుంది. ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 రకం అడగండి. కార్డు ఉన్నట్టుండి ఒక్క క్షణం ఎక్కువ లాగినా తట్టుకునేలా వాటిని తయారుచేస్తారు. 80 ప్లస్ గోల్డ్ ముద్ర కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతుంది, అంతే. దాన్ని చూసి నాణ్యత తేల్చుకోకండి, వారంటీ ఎన్నేళ్లో అడగండి. డబ్బు చాలకపోతే రంగుల లైట్ల ఫ్యాన్లు వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు.

ఇంకొక్క మాట. విడదీసే కేబుళ్లున్న రకం కొంటే, పెట్టెలో వచ్చిన కేబుళ్లే వాడండి. మరో కంపెనీ కేబుల్ అందులో చక్కగా దూరుతుంది కానీ పిన్నుల వరుస వేరుగా ఉండవచ్చు. అలా ఉంటే ఒక్కసారి స్విచ్ వేస్తే చాలు, ఎస్‌ఎస్‌డీ లాంటి డ్రైవులు కాలిపోవచ్చు.

వ్యాఖ్యాత: నిజామాబాద్ నుంచి ఒక అమ్మ మాట్లాడుతున్నారు.

శ్రోత: నమస్తే అండి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోగా మా అబ్బాయి కంప్యూటర్ ఆగిపోయి మళ్లీ మొదలవుతోంది. ఎస్‌ఎంపీఎస్ మార్చాలంటున్నాడు.

నిపుణుడు: తొందరపడి కొనకండమ్మా. కరెంటు పోయాక ఎస్‌ఎంపీఎస్ తనలో నిల్వ ఉన్న శక్తితో దాదాపు 17 మిల్లీసెకన్లు నెట్టుకొస్తుంది. ఇన్వర్టర్ అంతకంటే ఆలస్యం చేస్తే ఎంత మంచి ఎస్‌ఎంపీఎస్ ఉన్నా కంప్యూటర్ ఆగిపోవాల్సిందే. ఇన్వర్టర్ మీద యూపీఎస్ అని రాసిన చిన్న స్విచ్ ఉందేమో చూడండి.

శ్రోత: ఉందండి. ఇప్పుడు రెండో వైపుకు తిప్పి ఉంది.

నిపుణుడు: యూపీఎస్ వైపు తిప్పండి, త్వరగా అందుకుంటుంది. అప్పటికీ ఆగిపోతుంటే మీ ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకమో, అంటే లైను కరెంటు లాంటి నునుపైన కరెంటు ఇచ్చేదో కాదో బిల్లులో చూడండి. స్క్వేర్ వేవ్ రకంతో కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లకు పొసగదు. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు ఎర్తింగ్ కూడా చూపించండి. కేబినెట్ ఇనుప భాగానికి టెస్టర్ ఆనిస్తే లైటు వెలుగుతుంటే మూడో పిన్నుకు ఎర్త్ అందడం లేదని అనుమానించాలి. అది సరిచేసేదాకా అబ్బాయిని చెప్పులు లేకుండా ఆ కేబినెట్ ముట్టుకోనివ్వకండి.