2024లో షఫుల్ పెట్టకుండా వినాల్సిన ఇండీ ఆల్బమ్‌లు

అందరికీ నమస్తే. 2024లో వచ్చిన ఇండీ ఆల్బమ్‌లలో నాకు బాగా నచ్చినవి ఈ వీడియోలో చెప్తాను. ఇండీ అంటే పెద్ద మ్యూజిక్ కంపెనీలతో పని లేకుండా, సొంతంగానో చిన్న లేబుల్ ద్వారానో బయటికొచ్చిన సంగీతం. ఒక్కటే అడుగుతున్నా, వీటిని ప్లేలిస్ట్‌లో ముక్కలుగా కాకుండా మొదటి పాట నుంచి వరుసగా వినండి, ఎందుకంటే వీటిలో సగం అందం ఒక పాట తర్వాత ఏ పాట వస్తుందన్న దాంట్లోనే ఉంది.

(స్క్రీన్ మీద: సిండీ లీ, డైమండ్ జూబ్లీ)

అన్నిటికంటే ముందు ఇదే వినండి. కెనడాకి చెందిన పాట్రిక్ ఫ్లెగెల్ సిండీ లీ అనే పేరుతో పాడతారు. మార్చి చివర్లో వచ్చిన ఈ ఆల్బమ్‌లో 32 పాటలున్నాయి, మొత్తం రెండు గంటల పైనే. స్పాటిఫైలో పెట్టలేదు! జియోసిటీస్ అనే, సొంత వెబ్‌పేజీలు పెట్టుకునే పాతకాలపు సైట్ తరహా పేజీలో ఫైళ్లు పెట్టి, 30 కెనడియన్ డాలర్లు పంపమని అడిగారు, యూట్యూబ్‌లో ఆల్బమ్ మొత్తాన్నీ ఒకే వీడియోగా వదిలారు, అంతే. అయినా విన్నవాళ్లు ఇంకొకళ్లకి చెప్పుకుంటూ పోయారు, సంగీత సమీక్షల వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్ 10కి 9.1 ఇచ్చింది.

ఎలా ఉంటుందంటే, 1960ల అమెరికన్ గర్ల్ గ్రూపుల పాటల్లో ఉండే తీయదనం, దాని మీద తీగలు తీగలుగా సాగే గిటార్. అర్ధరాత్రి రేడియో తిప్పుతుంటే ఎక్కడిదో దూరపు స్టేషన్ గరగరమంటూ దొరికినట్టుంటుంది. రెండు గంటలా అని టెన్షన్ పడకండి, ముందు అరగంట వినండి, నచ్చితే మీరే ఆపరు.

(స్క్రీన్ మీద: ఏడ్రియన్ లెంకర్, బ్రైట్ ఫ్యూచర్)

బిగ్ థీఫ్ బ్యాండ్‌లో పాడే లెంకర్ సొంత ఆల్బమ్ ఇది. అడవి మధ్యలో ఉన్న స్టూడియోలో కొద్దిమంది స్నేహితులు కూర్చుని, టేప్ మీద రికార్డ్ చేశారు. అందుకే ఆ గది కూడా మనకి వినిపిస్తుంది. మొదటి పాట 'రియల్ హౌస్'లో పియానో, ఆమె గొంతు, ఇంచుమించు అంతే ఉంటాయి, చిన్నప్పటి సంగతులు గుర్తుచేసుకుంటూ అమ్మతో మాట్లాడుతున్నట్టు పాడుతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఇంకే పనీ చేయకుండా వినాల్సిన పాట, నాకైతే అది అయ్యాక వెంటనే తర్వాతి పాటలోకి వెళ్లడం కష్టమనిపిస్తుంది.

అదే రోజు, మార్చి 22న, వాక్సాహాచీ ఆల్బమ్ 'టైగర్స్ బ్లడ్' కూడా వచ్చింది. అమెరికాలోని అలబామాలో పుట్టి, వాక్సాహాచీ అనే పేరుతో పాడే కేటీ క్రచ్‌ఫీల్డ్ పాటలివి, కంట్రీ, అంటే అమెరికన్ పల్లె పాటల తరహా సంగీతం ఎప్పుడూ వినని వాళ్లకీ ఇది సులువుగా ఎక్కుతుంది. 'రైట్ బ్యాక్ టు ఇట్' పాటలో బాంజో అనే తీగవాయిద్యం మోగుతుంటే ఆమెతో గొంతు కలిపింది గాయకుడు ఎం.జె. లెండర్‌మన్, సెప్టెంబరులో వచ్చిన అతని ఆల్బమ్ 'మ్యానింగ్ ఫైర్‌వర్క్స్' కూడా వెంటనే వినేయండి.

టైమ్ లేదనేవాళ్లకి జెస్సికా ప్రాట్ 'హియర్ ఇన్ ద పిచ్' ఉంది. తొమ్మిది పాటలు, అరగంట కూడా పట్టదు.

ఇక మన దేశం నుంచి, ఢిల్లీ బ్యాండ్ పీటర్ క్యాట్ రికార్డింగ్ కో. ఆగస్టులో తెచ్చిన 'బీటా'. సూర్యకాంత్ సాహ్నీ గొంతులో పాత క్లబ్ గాయకుల తీరు ఉంటుంది, పక్కన ట్రంపెట్ మోగుతుంటే అది ఏ ఊరి సంగీతమో చెప్పలేం, నాకు వీళ్లంటే ఇష్టం అందుకే. బయటి బ్యాండ్లన్నీ వెతికి వెతికి వినేవాళ్లు కూడా వీళ్లని దాటేసి వెళ్లిపోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఈ రాత్రికి ఇందులోని 'సడన్లీ' పాటతో మొదలుపెట్టండి.