‘సి’ సెక్షన్‌కి లెక్కలు ఎవరు చెబుతున్నారు? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: నమస్కారం. బడిలో పిల్లలందరికీ సమాన అవకాశాలు దొరుకుతున్నాయా అన్నది ఈ వారం విషయం. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో హెడ్మాస్టర్‌గా చేసి రిటైరైన మేడమ్ మనతో ఉన్నారు. లైన్లు ముందే నిండిపోయాయి కాబట్టి నేరుగా ఫోన్లలోకి వెళ్లిపోదాం. హలో, ఎవరండీ?

కాలర్: నంద్యాల నుంచండీ. పేరు చెప్పకపోతే ఏమీ అనుకోరు కదా?

మేడమ్: ఏమీ అనుకోం. చెప్పమ్మా.

కాలర్: మా పాప ఏడో తరగతి, ప్రైవేటు స్కూలు. దసరా సెలవులయ్యాక మార్కులు చూసి సెక్షన్లు మార్చారు. పాపని ‘ఎ’ నుంచి తీసి ‘సి’లో వేశారు. ‘ఎ’ వాళ్లకి ఫౌండేషన్ క్లాసులు, సీనియర్ లెక్కల సారు. ‘సి’కి వచ్చే సారు ఎప్పుడు మారిపోతారో తెలీదు. ఫీజు మాత్రం అందరికీ ఒకటే. ఇప్పుడు పొద్దున్నే కడుపునొప్పి అంటోంది, బడికి వెళ్లనంటోంది.

మేడమ్: డాక్టరుకి చూపించారా?

కాలర్: చూపించామండీ. ఏం లేదన్నారు. ఆదివారం ఆ నొప్పి రాదు.

మేడమ్: అర్థమైంది. మీరు ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్తే ‘మా పాపని మళ్లీ ‘ఎ’లో వేయండి’ అని అడగాలనిపిస్తుంది. తల్లికి అలా అనిపించడం సహజమే. కానీ అక్కడ మీ పాపకి చోటిస్తే ఇంకో తల్లి కూతురు కిందికి దిగుతుంది, అంతే. అందుకని అడగాల్సినవి వేరే ఉన్నాయి, కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఏ పరీక్ష చూసి మార్చారు, ఒక్క పరీక్షా, ఏడాది పొడవునా వచ్చిన మార్కులా? మళ్లీ ఎప్పుడు మారుస్తారు? అన్నిటికన్నా ముఖ్యం, ‘సి’కి లెక్కలు ఎవరు చెబుతున్నారు, వారానికి ఎన్ని పీరియడ్లు, ‘ఎ’కి ఎన్ని? ఈ చివరి ప్రశ్నకి జవాబు నోటిమాటగా కాకుండా టైంటేబుల్ తెచ్చి చూపించమనండి.

కాలర్: ఇలా విడదీయడం చట్టం ప్రకారం తప్పు కాదా మేడమ్?

మేడమ్: ఉన్నమాట చెబుతాను. 2009 విద్యాహక్కు చట్టంలో మార్కులను బట్టి సెక్షన్లు పెట్టకూడదని ఎక్కడా రాసి లేదు. బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లలకీ తల్లిదండ్రులకీ పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టకూడదని ఉంది. పెడితే మొదటిసారి 25 వేల దాకా జరిమానా, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా. గేటు దగ్గర అంత కట్టుదిట్టంగా రాశారు కానీ గేటు దాటాక జరిగే వడపోత సంగతి అంత సూటిగా రాయలేదు. 29వ సెక్షన్‌లో మాత్రం ఒక మాట ఉంది, పిల్లలకి భయం, ఆందోళన లేకుండా చదువు చెప్పాలని. మీ పాప కడుపునొప్పి ఆ మాట కిందికే వస్తుంది. దాన్ని ప్రిన్సిపాల్‌కి ఇచ్చే ఉత్తరంలో రాయండి.

యాంకర్: ఒక్క నిమిషం మేడమ్. బాగా చదివే పిల్లల తల్లిదండ్రుల తరఫున అడుగుతున్నా. అందర్నీ కలిపితే చురుకైన పిల్లలు నష్టపోరా?

మేడమ్: లెక్కల్లో చురుకైన పిల్లలకి సాయంత్రం ఇంకో గంట చెప్పండి, ఎవరు కాదన్నారు? లెక్కల్లో వెనకబడిన పిల్లకి తెలుగులోనూ సోషల్‌లోనూ కూడా ‘సి’ ఎందుకని నా ప్రశ్న. ఈ పాప తెలుగు ఎలా ఉంటుందమ్మా?

కాలర్: క్లాసులో ఫస్టండీ. పద్యాలు బాగా చదువుతుంది.

మేడమ్: చూశారా. తెలుగులో ఫస్టు వచ్చే పిల్ల రోజంతా ‘సి’లో కూర్చుంటోంది. నేను హెచ్ఎంగా ఉన్నప్పుడు లెక్కలు బాగా చెప్పే టీచర్‌ని వెనకబడిన సెక్షన్‌కే వేసేదాన్ని. స్టాఫ్ రూములో గొణిగేవాళ్లు. గొణగనీ. బాగా వచ్చిన పిల్లలకి ఎవరు చెప్పినా వస్తుంది. అమ్మా, ఇంకొకటి. ‘సి’లో ఉన్న పిల్లల తల్లులు ఇంకో నలుగురినైనా కలుపుకుని వెళ్లండి. ఒక్కరే వెళ్తే ‘మీ పాప కొంచెం డల్లండీ’ అని పంపించేస్తారు. ఇంట్లో చుట్టాల ముందు ‘పాపం సి సెక్షన్’ అనే మాట కూడా రానీయకండి.

కాలర్: మా అత్తగారే అంటుంటారండీ. చెబుతాను.

యాంకర్: (నవ్వుతూ) అత్తగారు వింటున్నారేమో! తర్వాతి కాల్ విజయవాడ నుంచి.

కాలర్: నమస్తే మేడమ్, ఆటో నడుపుతానండీ. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకి ఇచ్చే 25 శాతం సీట్లలో మావాడికి ఒకటో తరగతి సీటొచ్చింది. మా ఏరియాలో ఎవరికీ రాలేదు, స్వీట్లు పంచాను. తీరా చూస్తే వెనక రెండు బెంచీల్లో మాలాంటి ఇళ్ల పిల్లల్నే కూర్చోబెడుతున్నారు. యానివర్సరీ డ్యాన్సులో డ్రెస్సు డబ్బులు కట్టలేదని తీసేశారు.

మేడమ్: ఇది స్పష్టంగా తప్పండీ, ఇందులో రెండో మాట లేదు. ఆ చట్టం కింద కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నియమాల్లోనే ఉంది, ఈ సీట్లలో చేరిన పిల్లల్ని క్లాసులో విడిగా కూర్చోబెట్టకూడదు, వాళ్లకి వేరే చోట, వేరే టైములో క్లాసులు పెట్టకూడదు. పుస్తకాలు, యూనిఫాం, లైబ్రరీ, ఆటలు, పాటలు, వేటిలోనూ తేడా చూపకూడదు. ఆ సీట్లు ఇవ్వాల్సిందేనని 2012లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ సీటు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు.

కాలర్: రాసిస్తే మావాడి మీద కక్ష కడతారేమోనని మేడమ్.

మేడమ్: ఆ భయం ఉంటుంది, ఉండదని చెప్పను. అందుకే మీ అబ్బాయి పేరు రాయొద్దు. ‘ఒకటో తరగతిలో కూర్చునే వరసలు రోజూ మార్చాలి’ అని అందరి తరఫున రాయండి, ఫీజు కట్టే పిల్లల తల్లిదండ్రులు ఒకరిద్దరి సంతకాలు కూడా దొరికితే మంచిది. దొరుకుతాయి, అడిగి చూడండి. కాపీ మీద స్కూలు ముద్ర వేయించుకోండి. పదిహేను రోజుల్లో మార్పు లేకపోతే ఆ కాపీ పట్టుకుని మండల విద్యాధికారి, అదే ఎంఈవో గారి దగ్గరికి వెళ్లండి. ముద్ర ఉన్న కాగితం లేకుండా మాత్రం వెళ్లొద్దు.

యాంకర్: వాట్సాప్‌లో ఒక మెసేజ్ ఉంది, విజయనగరం జిల్లా నుంచి ఒక తండ్రి రాశారు. ‘మా అబ్బాయికి చూపు బాగా తక్కువ, ఎనిమిదో తరగతి. పరీక్ష పూర్తి చేయలేకపోతున్నాడు. స్కూలు విహారయాత్రకి మీరు తోడు వస్తేనే తీసుకెళ్తాం అంటున్నారు.’

మేడమ్: వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ గానీ యూడీఐడీ కార్డు గానీ ఉందో లేదో రాయలేదు. లేకపోతే మొదటి పని అదే. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం పరీక్ష రాయడానికి సహాయకుడిని, అదనపు సమయాన్ని అడగొచ్చు. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకి 20 నిమిషాలకి తగ్గకుండా ఇవ్వాలని ఉంది. పదో తరగతిలో అడుగుదాంలే అనుకోవద్దు. ఇప్పటి నుంచే బడి పరీక్షల్లో అలవాటు చేయించండి, రాసే మనిషికి చెప్పి రాయించడం కూడా సాధన ఉంటేనే వస్తుంది. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది, అక్కడి టీచర్లని కలవండి. విహారయాత్రకి తోడు మనిషిని చూసుకోవాల్సింది బడి. తండ్రి పని మానుకుని వస్తేనే పిల్లాడు బస్సెక్కాలా?

యాంకర్: నారాయణపేట జిల్లా నుంచి ఒక టీచర్ గారు లైన్లో ఉన్నారు.

కాలర్: నమస్కారం మేడమ్. నేను హైస్కూల్లో సైన్స్ చెబుతాను. నా బాధ వేరే. ఎప్పుడు ప్రశ్న వేసినా ఆ నలుగురే చేతులెత్తుతారు. మిగతావాళ్లు నోరు విప్పరు. చాలామంది అమ్మానాన్నలు పుణె, ముంబై పనులకు పోయి ఉంటారు, పిల్లలు నానమ్మల దగ్గర. తండాల నుంచి వచ్చేవాళ్లు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. నేను తేడా చూపట్లేదు కానీ...

మేడమ్: చూపట్లేదని నమ్ముతాను. కానీ ఒక పని చేయండి. వచ్చే వారం ఎవరిని ఎన్నిసార్లు అడిగారో హాజరు పట్టీ జిరాక్సు మీద పెన్సిలుతో గీతలు పెట్టండి. మీరు పెట్టకపోతే వెనక బెంచీ పిల్లాడికి ఇవ్వండి, సంతోషంగా పెడతాడు. ఆ కాగితం చూశాక మళ్లీ నాకు చెప్పక్కర్లేదు.

కాలర్: అడిగినా చెప్పరు మేడమ్.

మేడమ్: ఎంతసేపు ఆగుతున్నారు? అమెరికాలో మేరీ బడ్ రో అని ఒక పరిశోధకురాలు సైన్స్ క్లాసుల్ని టేపు చేసి విన్నారు. ప్రశ్న వేశాక టీచర్లు ఒక్క సెకను ఆగి, వెంటనే ఇంకొకరిని అడిగేస్తున్నారు, లేదా తామే చెప్పేస్తున్నారు. అదీ బాగా చదువుతారనుకున్న పిల్లల దగ్గర కాస్త ఎక్కువ, రాదనుకున్నవాళ్ల దగ్గర ఇంకా తక్కువ. మూడు సెకన్లు ఆగేసరికి జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు మాట్లాడారు. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్ల మీ ప్రశ్నని ముందు మనసులో తన భాషలోకి మార్చుకోవాలి కదా, ఆ టైము ఇవ్వండి. ముందు పక్క పిల్లతో లంబాడీలోనే మాట్లాడుకోనివ్వండి. చేతులెత్తే పద్ధతి మానేసి, పేర్లు రాసిన చీటీలు డబ్బాలో వేసి తీయండి. ఆ నలుగురూ మొదట అలుగుతారు.

కాలర్: హోంవర్క్ వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాం...

మేడమ్: ఫోను ఎవరి దగ్గర ఉంది సార్? పుణెలో ఉన్న నాన్న దగ్గర! హోంవర్క్ బోర్డు మీదే రాయండి. ప్రాజెక్టు అని చార్టులు, థర్మకోల్ తెమ్మనకండి, ఇంట్లో కొనివ్వగలిగినవాడికే మార్కులు పడతాయి. ఇంకొకటి, సీజన్ అయ్యాక అమ్మానాన్నలతో తిరిగొచ్చే పిల్లలు ఉంటారు. టీసీ లేదని వాళ్లని ఆపడానికి చట్టం ఒప్పుకోదు. మీ ఆఫీసులో ఎవరైనా ఆపుతుంటే మీరే చెప్పాలి.

యాంకర్: ఆఖరి కాల్. శ్రీకాకుళం నుంచి ఒక విద్యార్థిని. చెప్పమ్మా.

కాలర్: నమస్తే మేడమ్, నైన్త్ క్లాస్. మా బడిలో గేమ్స్ పీరియడ్‌లో గ్రౌండంతా అబ్బాయిలదే. మమ్మల్ని వేపచెట్టు కింద కూర్చోమంటారు, లేకపోతే క్లాసు ఊడ్పిస్తారు. మాకు కబడ్డీ ఆడాలని ఉంది.

యాంకర్: 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మెడల్ తెచ్చిన కరణం మల్లీశ్వరి మీ జిల్లా అమ్మాయే కదా!

మేడమ్: ఆ పేరు స్టేజీ మీద అందరూ చెబుతారు సార్, గ్రౌండు మాత్రం ఇవ్వరు. తల్లీ, మీ పీఈటీ సారు ఏమంటారు?

కాలర్: పీఈటీ లేరు మేడమ్, పోస్టు ఖాళీ.

మేడమ్: అయితే హెచ్ఎం గారినే అడగాలి. వారంలో రెండు పీరియడ్లు గ్రౌండు అమ్మాయిలదని టైంటేబుల్‌లో రాసి గోడకి అంటించమనండి. నోటితో చెబితే రెండో వారానికే మరిచిపోతారు. ఊడ్చే పని ఆయాది. ఆయా లేకపోతే రోల్ నంబర్ల ప్రకారం వంతులు వేయమనండి, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిపి. స్కూల్ గేమ్స్ పోటీల్లో అండర్-14, అండర్-17 అమ్మాయిలకి విడిగా ఉంటాయి, సెలెక్షన్లు ఎప్పుడో కనుక్కోమని చెప్పండి. పేరెంట్స్ కమిటీలో సగంమంది ఆడవాళ్లే ఉండాలని చట్టంలో ఉంది. మీ బడి కమిటీలో ఎవరి అమ్మ ఉందో చూసి ఆవిడకి కూడా చెప్పండి.

కాలర్: సోమవారం అడుగుతాం మేడమ్. నేనూ, నా ఫ్రెండూ వెళ్తే చాలా?

మేడమ్: కబడ్డీకి ఎంతమంది కావాలి?

కాలర్: ఏడుగురు మేడమ్.

మేడమ్: ఏడుగురూ వెళ్లండి.