‘తెలుసు’ అన్న జవాబును నమ్మొచ్చా? అగ్నిభద్రత సర్వేల గురించి

హోస్ట్: నిప్పు విషయంలో జనానికి ఎంత తెలుసో కొలవాలంటే ప్రశ్నాపత్రం పట్టుకుని ఇంటింటికీ తిరిగితే చాలదా అండీ?

అతిథి: తిరగాల్సిందే. కానీ ఎలా అడుగుతున్నామన్నదే అసలు సంగతి. ‘గ్యాస్ వాసన వస్తే స్విచ్ వేయకూడదని తెలుసా?’ అంటే జవాబు ప్రశ్నలోనే ఉంది, అందరూ తెలుసనే అంటారు. ‘రాత్రి మెలకువ వచ్చింది, వంటింట్లోంచి గ్యాస్ వాసన. మొట్టమొదట ఏం చేస్తారు?’ అని అడిగి ఊరుకోండి. ఆప్షన్లు చదవొద్దు. చెప్పింది చెప్పిన వరుసలోనే రాసుకోవాలి. ‘లైటు వేసి చూస్తా’ అన్నది ముందొస్తే, తర్వాత రెగ్యులేటర్ కట్టేస్తానన్నా మార్కు ఇవ్వకూడదు. అంటుకోవడానికి ఆ స్విచ్‌లో పుట్టే నిప్పురవ్వ చాలు.

హోస్ట్: చెప్పేది సరే, చేసేదో?

అతిథి: కళ్లతో చూడాలి. స్మోక్ అలారం ఉందన్నారని టిక్ పెట్టేయకుండా, అనుమతి తీసుకుని టెస్ట్ బటన్ నొక్కండి. మోగితేనే ఉన్నట్టు. వంట పొగకు ఊరికే మోగుతోందని బ్యాటరీ పీకేసేవాళ్లుంటారు. తయారీ తేదీ చూసి, 10 ఏళ్లు దాటితే మార్చాల్సిన వాటిలో రాయండి.

ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ దగ్గర ఇంకా బాగా తెలుస్తుంది. శిక్షణకు వాడే ఖాళీది చేతికిచ్చి, వాడి చూపించమనండి. కంగారులో చాలామంది హ్యాండిల్‌ను గట్టిగా నొక్కిపట్టి పిన్ లాగుతారు. ఆ ఒత్తిడికి పిన్ బిగుసుకుని రాదు. ఇంకొందరు నాజిల్‌ను మంట మొదలుకు కాకుండా పైకి గురిపెడతారు. ఈ రెండూ కాగితం మీద అడిగితే ఎప్పటికీ బయటపడవు.

హోస్ట్: ఎన్ని ఇళ్లు చూడాలి?

అతిథి: 95 శాతం నమ్మకంతో, 5 శాతం అటూ ఇటూ తేడాతో చెప్పాలంటే సుమారు 385. అది ఇళ్లను విడివిడిగా లాటరీలో తీసినప్పటి లెక్క. ఒక్కో వీధిలో పదేసి ఇళ్లు తీసుకుంటే ఇరుగుపొరుగు అలవాట్లు ఒకేలా ఉంటాయి కాబట్టి ఒకటిన్నర రెట్లు వేసుకోండి, 580 దాకా అవుతుంది. తలుపు తీయనివాళ్లకు పదోవంతు వదిలితే 640కి పైనే.

హోస్ట్: అవగాహన కార్యక్రమం పెట్టాక మళ్లీ కొలుస్తారు కదా?

అతిథి: అదే మనుషుల్ని కొలవాలి. వెంటనే ఒకసారి, ఆరు నెలలకు ఇంకోసారి. నేర్చుకున్నది ఎంత నిలిచిందో రెండోసారే తెలుస్తుంది. మొత్తం శాతాలు మాత్రమే చూసి సంబరపడొద్దు. 200 మందిలో సరైన జవాబులు 80 నుంచి 110కి పెరిగాయనుకుందాం. విడదీస్తే 45 మంది తప్పు నుంచి ఒప్పుకు వచ్చి, 15 మంది ఒప్పు నుంచి తప్పుకు జారి ఉండొచ్చు. నన్నడిగితే ముందు ఆ 15 మందితోనే కూర్చోవాలి. కాగిన నూనె అంటుకుంటే పొయ్యి కట్టేసి మూత పెట్టమని మనం చెబుతాం. పక్కనే ‘తడిగుడ్డ’ అన్న మాట దొర్లితే వాళ్లకు ‘నీళ్లు’ అని గుర్తుండిపోవచ్చు. ఆ నూనెలో పడ్డ నీరు క్షణంలో దాదాపు 1,700 రెట్లు ఉబ్బి ఆవిరై, మంటను మొహం మీదికి చిమ్ముతుంది. కాబట్టి ఆ 15 మంది ఏ మాట దగ్గర తడబడ్డారో పట్టుకుని, తర్వాతి కార్యక్రమంలో ముందు ఆ మాట మార్చాలి.