ఆదివారం విందు మంగళవారం దాకా ఎందుకు సాగుతోంది?

అందరికీ నమస్తే అండీ, ఈరోజు వంట ఏం చూపించడంలేదు, ఊరికే మాట్లాడుకుందాం. మన తిరుపతిలో ఈమధ్య ఎవరింటికెళ్లినా ఒకటే మాట, రైస్ తగ్గించేశాం, స్వీట్ ముట్టుకోవడంలేదు, అంతా క్లీన్ ఈటింగ్ అంటారు, మళ్లీ ఆదివారం వస్తే నాటుకోడి పులుసు పెట్టాల్సిందే, రెండు ముద్దలు ఎక్కువ తినేసి సాయంత్రం దాకా అయ్యో డైట్ పాడైపోయిందే అని కూర్చుంటారు. ఎందుకండీ ఆ బాధ? నన్నడిగితే ఆదివారం మధ్యాహ్నం తినేదాంట్లో పెద్ద తప్పేం లేదు. ఆ విందు ఆ పూటతో అయిపోకుండా ఫ్రిజ్‌లో దూరి మంగళవారం దాకా సాగుతుంది చూడండి, చిక్కంతా అక్కడే.

ముందు ఈ క్లీన్ సంగతి చూద్దాం. ఓట్స్, కీన్వా అని ఆన్‌లైన్‌లో ఆర్డర్లు పెట్టేస్తారు గానీ మన చిత్తూరు సైడు మామూలు రోజు తిండి ఏంది? రాగి సంగటి, పుల్లగూర, చెనక్కాయల ఊరిబిండి అంటే వేరుశనగల పచ్చడి, నంజుకోను ఒక ఎర్రగడ్డ, చివర్లో మజ్జిగ. దీనికన్నా క్లీన్ ఏముంటుంది చెప్పండి. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, పాలిష్ బియ్యంలో దాంట్లో పదో వంతు కూడా ఉండదు. అలాగని రాగి కదా అని ఇంత లావు ముద్ద లాగిస్తే కుదరదు, అదీ ధాన్యమే, పైగా సంగటిలో బియ్యం కూడా వేస్తాం, షుగర్ ఉన్నవాళ్లు ముద్ద సైజు చూసుకోవాల్సిందే.

ఇంకోటి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. టీ. రోజుకి మూడు టీలు, కప్పుకి రెండు స్పూన్ల చక్కెర అనుకోండి, ఆరు స్పూన్లు, అంటే దగ్గర దగ్గర 25 గ్రాములు. డబ్ల్యూహెచ్ఓ రోజు మొత్తానికి ఇంతలోపు ఉంటే మంచిది అని చెప్పే చక్కెర కూడా అంతే! అంటే పండగలేదు, పబ్బంలేదు, ఉత్త బుధవారం నాడు టీలతోనే కోటా అయిపోయింది, మనమేమో పోయిన ఉగాదికి తిన్న ఓళిగ, అదే బొబ్బట్టు, దాని గురించి బాధపడతాం.

సరే విందుకొద్దాం. దయచేసి నూనె లేని బిర్యానీ, చక్కెర లేని పాయసం లాంటివి చెయ్యొద్దండీ బాబూ. అది విందూ కాదు పథ్యమూ కాదు, తిన్నాక తృప్తి ఉండదు, రాత్రికి మిక్చర్ డబ్బా మూత తీస్తారు. చేసేది సరిగ్గా చెయ్యండి, నాటుకోడికి పట్టే మసాలా పట్టించండి, ఓళిగ మీద నెయ్యి వెయ్యండి. కొలత మాత్రం అంగట్లోనే తేల్చేయండి. నలుగురుండే ఇంటికి ఒక కిలో చాలు, మనం రెండు కిలోలు తెస్తాం ఎవరైనా వస్తారేమో అని. ఎవరూ రారు. మిగిలింది రాత్రికి, మళ్లీ పొద్దున దోశలోకి, అట్లా అట్లా మంగళవారం దాకా. ఒక టేబుల్ స్పూన్ నూనె అంటే 120 కేలరీలు, ఒక్క పూటకైతే పర్లేదు, పూటపూటకీ అదే కూర అంటేనే బరువు.

వడలు, బజ్జీలు చేసినప్పుడైతే ఇంకా జాగ్రత్త. ఆ మిగిలిన నూనె గిన్నెలో పోసి పెట్టి మళ్లీ వేపుడుకి, మళ్లీ పూరీకి, పారబొయ్యాలంటే ప్రాణం ఒప్పదు, నిజమే, రేట్లు అలా ఉన్నాయి. కానీ మాటిమాటికీ కాగిన నూనె చెడిపోతుంది, అందుకే హోటళ్లకి 2018 జులై నుంచి ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే మన దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ, రూల్ కూడా పెట్టింది, ఆ నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె కాగేకొద్దీ చెడి తయారయ్యే పదార్థాలు, 25 శాతం దాటితే వాడకూడదని. మనింట్లో అది కొలిచే మిషన్ ఉండదు కదా, చిన్న బాణలి పెట్టుకుని కొంచెం నూనెలోనే నాలుగు నాలుగు వేసి తియ్యండి, టైం పడుతుంది, పట్టనీ, వేయించేవాళ్లకి ఓపిక అయిపోతే వడలు కూడా తక్కువే అవుతాయి.

నాకు బాగా నచ్చేది పితికిపప్పు. చలికాలంలో అనపకాయలు వచ్చినప్పుడు గింజలు ఒలిచి, రాత్రంతా నానబెట్టి, ఒక్కో గింజని వేళ్లతో పితికి తొక్క తియ్యాలి, ఇంట్లో టీవీ చూసేవాళ్లందరి ముందూ తలా ఒక గిన్నె పెడితే గానీ పని తెమలదు. కొబ్బరి మసాలా వేసి చేస్తే సంగటిలోకి దానికి మించింది లేదు, రుచికి విందే, కడుపులోకి పోయేది పప్పుగింజలు. ఇంత చాకిరీ ఉంది కాబట్టి వారం వారం ఎవరూ చెయ్యరు, మాంసం లాగా ఫోన్‌లో ఆర్డర్ పెట్టేది కాదు.

మన పెద్దోళ్లకి డైట్ చార్టుల్లేవు గానీ పెరటాసి అనే తమిళ నెల ఉండేది. సెప్టెంబర్ సగం నుంచి అక్టోబర్ సగం దాకా ఇప్పటికీ మన సైడు చాలా ఇళ్లల్లో నీసు వండరు. అదే ఊరు మే నెల గంగజాతరకి అంబలి పోస్తుంది, మాంసం వండుకుని చుట్టాల్ని పిలుస్తుంది కూడా, ఎవరికీ సిగ్గులేదు. కొండ లడ్డూ చూడండి, 175 గ్రాములుంటుంది, దాన్ని ఒక్కరే తినెయ్యాలని ఎవరైనా అనుకుంటారా, చిదిపి ఇంటింటికీ ఇస్తాం, చేతిలో పడేది చిన్న ముక్క, కళ్లకద్దుకుని తింటాం. తిరుపతిలో ఉన్నవాళ్లకి చుట్టాలొచ్చి వెళ్లినప్పుడల్లా లడ్డూలు మిగులుతాయి, అవి డబ్బాలో దాచి రోజూ టీతో తినేది మాత్రం ప్రసాదం ఖాతాలో వెయ్యకండి, ప్లీజ్.

కాబట్టి ఈ ఆదివారం చెయ్యాలనుకున్నది చెయ్యండి, మధ్యాహ్నమే పెట్టుకోండి, మిగిలితే చుట్టుపక్కల ఇళ్లకి పంపించేయండి వేడి వేడిగా ఉన్నప్పుడే, రాత్రికి ఆకలుంటే చారన్నం, లేదంటే ఉత్త మజ్జిగ. సోమవారం పొద్దున మామూలు దోశ, అంతే. పితికిపప్పు వీడియో అనపకాయలు మార్కెట్‌కి వచ్చాక పెడతాను, ఇప్పుడు అడగొద్దు. ఉంటానండీ.